రాకెట్టు కన్నా పెద్ద ఫ్లెక్సీ

2023 జులై 14, శుక్రవారం. సూళ్ళూరుపేటలో రైలు దిగేసరికి పదకొండు కావస్తోంది. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు చంద్రయాన్-3 ప్రయోగం. శ్రీహరికోట గ్యాలరీలో సీటు కోసం ఆన్‌లైన్‌లో కుస్తీ పట్టి ఓడిపోయిన బాపతు నేను. రోడ్డంతా నాలాంటివాళ్ళే. స్కూలు బస్సులు, బైకు మీద ముగ్గురేసి కుర్రాళ్ళు, కార్ల బానెట్ల మీద పులిహోర డబ్బాలు. పులికాట్ సరస్సు మధ్య నుంచి దీవికి వెళ్ళే రోడ్డది. ఎండల తర్వాత నీళ్ళెక్కడివి, రెండు పక్కలా పెచ్చులు లేచిన బురద నేల.

ఊరు దాటే చోట ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన శాస్త్రవేత్తలకు శుభాకాంక్షలు. కింద పెద్ద నాయకుడి తల, మనిషంత ఎత్తు. ఆయన పక్కన అంతకన్నా కాస్త చిన్న నాయకుడు, ఆ పక్కన ఇంకాస్త చిన్నాయన. అడుగున పాస్‌పోర్టు ఫోటోల్లా వరసగా పద్నాలుగు మంది. పనేమీ లేదు కదా, లెక్కపెట్టాను. శాస్త్రవేత్తలు ఒక్కరూ లేరు. రాకెట్ మాత్రం కుడివైపు మూలన, జానెడు. అది కూడా మన రాకెట్ కాదు, అమెరికా వాళ్ళ స్పేస్ షటిల్. డీటీపీ కుర్రాడికి గూగుల్లో ముందు ఏది దొరికితే అది అంటించేసి ఉంటాడు.

టీ కొట్టు దగ్గర నిలబడితే పక్కన ఒకాయన పరిచయమయ్యాడు. సముద్రం వైపు పల్లె. వేటకు వెళ్ళే మనిషి. ఈ రోజు ఖాళీగా ఉన్నారేమిటని అడిగితే నవ్వాడు. "రాకెట్ రోజు వేట బందన్నా. సముద్రంలోకి పోవద్దని ముందే చెప్పేస్తారు. ఎగిరేది వాళ్ళకి, ఆగేది మాకు." కోపంగా అనలేదు. రాకెట్ లేచినప్పుడు అందరికన్నా ముందు ఫోన్ ఎత్తిందీ ఆయనే.

ముందు వెలుగు కనపడింది. మోత రావడానికి ఇంకో అర నిమిషం పైనే పట్టింది. వచ్చాక మాత్రం అది చెవికి వినపడినట్టు లేదు, కడుపులో మోగినట్టుంది. చప్పట్లు కొట్టాను, అరిచాను. కళ్ళు తడిశాయి కూడా. ఇది ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక మీద రాయబోయేది చదివి "వీడికి దేశమంటే పడదు" అనుకునేవాళ్ళు ఎలాగూ ఉంటారు.

ప్రభుత్వాలు అంతరిక్షానికి వెళ్ళేది సైన్సు కోసమని పిల్లలకు చెబుతాం. సైన్సు ఆ బండెక్కుతుంది, నిజమే. బండి కట్టించేది మాత్రం రాజకీయ అవసరం. అందులో నాకేమీ తప్పు కనపడదు. అవసరం లేకుండా ఏ ఆర్థిక మంత్రీ వేల కోట్లు తీసి ఇవ్వడు. నా పేచీ అంతా ఆ అవసరం ఎన్నాళ్ళు ఉంటుందన్న దాని మీదే. కొన్ని అవసరాలు పంటలాంటివి, ఏటా వస్తాయి. కొన్ని పెళ్ళిలాంటివి. పందిరి వేస్తారు, లైట్లు పెడతారు, మర్నాడు పొద్దున్నే పందిరి గుంజలు పీకేస్తారు.

పెళ్ళి పందిరికి అపోలోని, అంటే చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన అమెరికా కార్యక్రమాన్ని, మించిన ఉదాహరణ లేదు. 1961 ఏప్రిల్ 12న గగారిన్ భూమి చుట్టూ తిరిగొచ్చాడు. సరిగ్గా అయిదు రోజులకు క్యూబా మీద అమెరికా చేయించిన బే ఆఫ్ పిగ్స్ దాడి మొదలై, బెడిసికొట్టి, అమెరికా పరువు పోయింది. ఏప్రిల్ 20న అధ్యక్షుడు కెనడీ తన ఉపాధ్యక్షుడు జాన్సన్‌కు ఒక చిన్న నోట్ పంపాడు. అందులో చంద్రుడి మట్టి గురించి ఒక్క ముక్క లేదు. అంతరిక్షంలో ల్యాబ్ పెట్టి రష్యాను ఓడించగలమా, చంద్రుడి చుట్టూ తిరిగొస్తే ఓడించగలమా, మనిషిని దింపితేనో, ఇవేవీ కాకపోతే జనం నోరు తెరుచుకుని చూసేదీ మనం గెలవగలిగేదీ ఇంకేదైనా ఉందా. మొదటి ప్రశ్నే ఇది. చంద్రుడు ఆ జాబితాలో ఒక ఐటమ్, అంతే. మే 25 నాటికి అదే జాతి సంకల్పమైపోయింది.

ఆ తర్వాత ఏడాదిన్నరకు, 1962 నవంబర్ 21న, వైట్ హౌస్‌లో నాసా అధిపతి జేమ్స్ వెబ్‌తో కెనడీ వాదన పెట్టుకున్నాడు. ఆ మాటలు టేపులో ఉన్నాయి. వెబ్ పాపం, చంద్రుడితో పాటు మొత్తం అంతరిక్ష విజ్ఞానమూ ముఖ్యమేనని నచ్చజెప్పబోతాడు. కెనడీ వినడు. రష్యన్ల కన్నా ముందు చేరడం కోసమే ఇదంతా, లేకపోతే ఇంత డబ్బు పెట్టకూడదు, ఎందుకంటే నాకు అంతరిక్షం మీద అంత ఆసక్తేమీ లేదు అని తేల్చేస్తాడు. ఆయన పేరు మీద అంతరిక్ష కేంద్రం ఉంది. అంతరిక్షం గురించి ఆయన ప్రసంగాలు స్కూళ్ళలో వినిపిస్తారు. గది తలుపులు వేసుకుని అన్న మాట మాత్రం ఇది.

ఆ టేపుకు సరిగ్గా ఏడాది తర్వాత, అదే నవంబర్ 21న, కేరళలోని తుంబా నుంచి మన మొదటి రాకెట్ లేచింది. దాన్ని ఇచ్చింది అమెరికా వాళ్ళే. ఇలాంటి తేదీలు కలిసినప్పుడు నాకు చిన్నపిల్లాడి ఉత్సాహం వస్తుంది, క్షమించండి.

సరే, అపోలో సంగతి. 1966లో అమెరికా కేంద్ర బడ్జెట్‌లో నాసా వాటా 4 శాతం దాటింది. 1969 జులైలో జెండా పాతారు. 1970 కల్లా చివరి మూడు యాత్రలు రద్దు. 1972 డిసెంబర్‌తో దుకాణం మూసేశారు. చంద్రుడి మీద నడిచిన పన్నెండు మందిలో వృత్తిరీత్యా శాస్త్రవేత్త ఒకే ఒక్కడు, హారిసన్ ష్మిట్ అనే భూగర్భ శాస్త్రవేత్త. ఆయన్ను పంపింది ఆఖరి యాత్రలో. రాళ్ళు ఏరడానికే వెళ్ళినవాళ్ళయితే రాళ్ళు తెలిసినవాణ్ణి మొదటే పంపేవారు కదా. పందెం గెలిచాక పందెపు గుర్రానికి గడ్డి ఎవరు వేస్తారు?

మన కథ వేరేలా మొదలైంది. మన పెద్దలు రాజకీయం తెలియని మునులేమీ కారు. తుంబాలో మొదటి రాకెట్ అమెరికాది, పేలోడ్ ఫ్రాన్సుది, హెలికాప్టర్ రష్యాది. మూడు దేశాల నుంచీ తీసుకుని ఏ దేశం జేబులోనూ పడకుండా ఉండటం అచ్చంగా నెహ్రూ మార్కు రాజకీయం. అయితే మన అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ 1968లో ఒక మాట తేటతెల్లంగా చెప్పారు. చంద్రుడి మీదికి, గ్రహాల మీదికి వెళ్ళడంలో గానీ, మనుషుల్ని పంపడంలో గానీ సంపన్న దేశాలతో పోటీ పడాలన్న భ్రమ మాకు లేదు అన్నారు. మనిషికీ సమాజానికీ పనికొచ్చే టెక్నాలజీలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదు అన్నారు.

చంద్రుడు, గ్రహాలు, మనుషులు. ఆయన వద్దనుకున్నవి ఆ మూడు. ఈ ఇరవై ఏళ్ళలో ఎర్రకోట మీద నుంచి ప్రకటించినవి కూడా అచ్చంగా ఆ మూడే. 2003 ఆగస్టు 15న వాజ్‌పేయి చంద్రుడన్నారు. 2012 ఆగస్టు 15న మన్మోహన్ సింగ్ అంగారకుడన్నారు. 2018 ఆగస్టు 15న మోదీ, 2022 కల్లా మన బిడ్డ త్రివర్ణ పతాకంతో అంతరిక్షంలో ఉంటుందన్నారు. పార్టీలు మారాయి, వేదిక మారలేదు. వాతావరణ ఉపగ్రహాన్ని ఎర్రకోట మీద నుంచి ప్రకటించగా నేనెప్పుడూ వినలేదు.

కాలంతో పాటు లక్ష్యాలు మారకూడదా? మారాలి. 1968 నాటి దేశం కాదిది. చంద్రయాన్-1 తీసుకెళ్ళిన పరికరాల వల్లే చంద్రుడి మీద నీటి జాడ బయటపడింది. అది ఫ్లెక్సీ సైన్సు కాదు, అసలు సైన్సు. ఇక "తిండి లేని దేశానికి రాకెట్లెందుకు" అన్న వాదనతో నాకు అస్సలు పొత్తు కుదరదు. 2025-26లో అంతరిక్ష శాఖకు ఇచ్చింది 13,416 కోట్లు. కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్ల పైమాట. వంద రూపాయల్లో పావలా పైచిలుకు. ఆ పావలా మిగిలినంత మాత్రాన ఎవరి కంచంలోకీ అదనంగా ముద్ద రాదు.

డబ్బు ఎంతన్నది వదిలేయండి. ఆ పావలాలో ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది ఎవరి అవసరాన్ని బట్టి తేలుతోంది? మంగళయాన్‌నే చూడండి. ప్రకటించిన పదిహేను నెలలకు, 2013 నవంబర్ 5న, ఎగిరింది. ఖర్చు 450 కోట్లు. ఒక హాలీవుడ్ సినిమా కన్నా తక్కువ, ఆటో చార్జీ కన్నా తక్కువ అని ప్రధాని చెబితే దేశమంతా మురిసిపోయింది. నేనూ మురిశాను. మొదటి ప్రయత్నంలోనే అంగారకుణ్ణి చేరడం మామూలు విషయం కాదు. అయితే 1,337 కిలోల ఆ నౌకలో శాస్త్ర పరికరాల బరువు 15 కిలోలు. మా ఇంట్లో నిండు గ్యాస్ బండలో ఉండే గ్యాస్ కన్నా అర కిలో, ముప్పావు కిలో ఎక్కువ. పెద్ద రాకెట్ అప్పటికి సిద్ధంగా లేదు, అంగారకుడి దారి ఇరవై ఆరు నెలలకోసారి గానీ తెరుచుకోదు, కాబట్టి ఉన్నదాంతో వెళ్ళారు. ఇంజనీర్ల పరంగా అది ఘనకార్యమే. కానీ 2014 సెప్టెంబర్‌లో చేరుకున్నాం, పదేళ్ళు దాటింది, రెండోది ఏది? ఆసియాలో మొదటివాళ్ళం అన్న రికార్డు చేతికొచ్చాక తొందర తీరిపోయింది. కెనడీ రోగమే, మోతాదు తక్కువ.

పేర్ల తగువు ఇంకో ముచ్చట. 2008లో చంద్రుడి మీద పడేసిన చిన్న పరికరం నవంబర్ 14నే పడింది. నెహ్రూ పుట్టినరోజు. పడిన చోటుకు జవహర్ అని పేరు పెట్టారు. 2023లో దిగిన చోటు శివశక్తి అయింది, 2019లో కూలిన చోటు తిరంగా అయింది. మీరెలా పెడతారంటే మీరెలా పెట్టారని టీవీల్లో రెండు రోజులు. మనిషి ఇంకా అడుగు పెట్టని చోట పట్టా పాసు పుస్తకాల గొడవ మొదలైంది. ఇందిరా గాంధీ ముందు మొదటి ఉపగ్రహానికి మూడు పేర్లు పెడితే, వాటిలో జవహర్ కూడా ఉంటే, ఆవిడ ఆర్యభట అన్నదాన్ని ఎంచుకుంది. ఆ మాత్రం సంకోచం ఒకప్పుడు ఉండేది. అలాగని ఆవిడను మునీశ్వరిని చేయలేం. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ రష్యా నౌకలో వెళ్ళినప్పుడు టీవీలో ప్రధాని ఆయనతో మాట్లాడిన దృశ్యం ఏ సైన్సు కోసం? 2025 జూన్‌లో శుభాంశు శుక్లాతో ప్రధాని మాట్లాడింది దానికి రంగుల కాపీ.

2023 ఆగస్టు 23 సాయంత్రం మా ఇంట్లో అందరం టీవీ ముందున్నాం. ఆరు గంటల నాలుగు నిమిషాలకు ల్యాండర్ దిగింది. దిగిందో లేదో తెర రెండు ముక్కలై, ఒక పక్క జోహన్నెస్‌బర్గ్ నుంచి ప్రధాని జెండా ఊపుతూ కనిపించారు. మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని, "ఈయనెక్కడి నుంచి మాట్లాడుతున్నాడ్రా, పైనుంచా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నాకు మాత్రం ఆ క్షణంలో కంట్రోల్ రూమ్‌లోని మొహాలు ఇంకాసేపు చూడాలనిపించింది. నాలుగేళ్ళు నిద్ర కాచినవాళ్ళు వాళ్ళు.

అసలు నష్టం గెలిచిన రోజున తెలియదు, ఓడిన రోజున తెలుస్తుంది. 1979 ఆగస్టులో శ్రీహరికోట నుంచి మన సొంత ఉపగ్రహ రాకెట్ ఎస్ఎల్‌వీ-3 లేచి సముద్రంలో పడింది. విలేకరుల ముందుకు అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ తనే వచ్చి బాధ్యత తీసుకున్నారు. మరుసటేడు గెలిచినప్పుడు మాత్రం ఆ ప్రాజెక్టును నడిపిన కలాంను ముందుకు పంపారు. ఈ కథ అందరికీ తెలిసిందే. ఆనాడు అది సాధ్యపడటానికి ఒక చిన్న కారణం, లైవ్ కెమెరా పక్కన దేశ ప్రధాని కూర్చుని లేకపోవడం. 2019 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ సిగ్నల్ పోయినప్పుడు ప్రధాని ఆ హాల్లోనే ఉన్నారు. ఇస్రో ఛైర్మన్ శివన్‌ను గుండెకు హత్తుకున్నారు. ఆ ఆలింగనం నిజమైనదే కావచ్చు, నేను కాదనను. కానీ నిన్నటిదాకా ఇంజిన్ థ్రస్ట్, సాఫ్ట్‌వేర్ అని మాట్లాడుకోవలసిన వైఫల్యం ఆ క్షణాన జాతి దుఃఖమైపోయింది. దుఃఖంలో ఉన్న ఇంటికెళ్ళి లెక్కలు ఎవరడుగుతారు? ఏం జరిగిందన్నది ఇంజనీరింగ్ భాషలో వివరంగా జనం విన్నది 2023లో, తర్వాతి ప్రయోగం ముందు.

ఎవరూ హత్తుకోని వైఫల్యాలు కూడా ఉన్నాయి. కార్గిల్ తర్వాత మనకంటూ ఒక జీపీఎస్ ఉండాలనుకున్నాం. అదే నావిక్. దానికోసం 2013లో పంపిన మొదటి ఉపగ్రహంలో మూడు అణు గడియారాలూ పాడయ్యాయి. దాని బదులు 2017లో పంపింది హీట్ షీల్డ్ విడిపోకపోవడంతో పనికిరాకుండా పోయింది. 2025 జనవరిలో వెళ్ళిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్య చేరలేదు. అది శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం. సెంచరీ అని ఆ రోజు పోస్టర్లు ఎన్ని తిరిగాయో మీ వాట్సాప్‌కే తెలుసు. ఆ తర్వాత ఉపగ్రహం ఏమైందని మీ గ్రూపుల్లో ఎవరైనా అడిగారా? నా గ్రూపుల్లో అడగలేదు. నావిక్‌కు ఫ్లెక్సీ లేదు. దాని వల్ల ఓటు రాదు, అది పాడైతే ఓటు పోదు.

2019 మార్చి 27న ఉపగ్రహాన్ని క్షిపణితో కూల్చిన సంగతి సరే సరి. ఎన్నికలు రెండు వారాలుండగా ప్రధానే టీవీలో చెప్పారు. నియమావళి ఉల్లంఘన లేదని ఎన్నికల సంఘం తేల్చింది. క్షిపణి కూల్చిన ఆ ఉపగ్రహం అంతకు రెండు నెలల ముందు ఇదే శ్రీహరికోట నుంచి వెళ్ళింది.

మరి పంటలాంటి అవసరం అని మొదట్లో అన్నాను కదా. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. ప్రభుత్వ లెక్కలోనే పదివేల మంది. మా తాతయ్య ఆ తర్వాత సహాయానికని వెళ్ళి, అక్కడ చూసింది ఎవరికీ చెప్పకుండానే పోయాడు. అడిగితే లేచి వెళ్ళిపోయేవాడు. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం పైకెళ్ళింది. తుపాను మేఘాన్ని పై నుంచి చూసే కన్ను, కలెక్టరేట్లకూ తీర గ్రామాలకూ హెచ్చరిక చేరవేసే గొంతు అదొచ్చాకే మనకు సరిగ్గా అమరాయి. 1990 మే తుపాను కూడా మన కోస్తాను తక్కువ కొట్టలేదు. లక్షల మందిని ముందే తరలించారు. ఈసారి చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. ఆ వెయ్యి మందీ మనుషులే, కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడాకు ఏ నాయకుడి బొమ్మా లేదు. ఇన్సాట్-1బిని మోసుకెళ్ళింది అమెరికా స్పేస్ షటిల్. సూళ్ళూరుపేట డీటీపీ కుర్రాడు తెలియకుండానే సరైన బొమ్మ అంటించాడన్నమాట.

శ్రీహరికోటను 1969లో ఎంచుకోవడానికి కారణాలు పుస్తకాల్లో ఉంటాయి. తూర్పున సముద్రం, భూమధ్యరేఖకు దగ్గర, జనం తక్కువ. తక్కువంటే ఎవరూ లేరని కాదు. ఆ అడవిని నమ్ముకున్న యానాదులున్నారు. దీవి ఖాళీ చేసి వెళ్ళింది వాళ్ళే. రాకెట్ల వల్ల తమకేమొచ్చిందని అడిగే హక్కు ఈ దేశంలో అందరికన్నా ముందు వాళ్ళది. జవాబు చెప్పడానికి చంద్రుడి ఫోటో సరిపోదు.

2022 దాటిపోయింది. మన బిడ్డ మన నౌకలో ఇంకా వెళ్ళలేదు. ఆలస్యమైనందుకు నాకు బాధ లేదు, మనుషుల ప్రాణాలతో పని, నిదానంగానే చేయాలి. పదివేల కోట్లతో మొదలైన గగన్‌యాన్, స్పేస్ స్టేషన్ మొదటి భాగంతో కలిపి 2024లో 20,193 కోట్లయింది. 2035కి స్టేషన్ అన్నారు, 2040కి చంద్రుడి మీద భారతీయుడన్నారు. అన్నీ జరగాలనే నా కోరిక. నా భయమల్లా ఆ జెండా ఫోటో వచ్చాక ఏమవుతుందన్నదే. స్టేషన్ కట్టడం ఒక రోజు పండగ. దాన్ని ఇరవై ఏళ్ళు నడపడం అద్దె ఇంటి కరెంటు బిల్లులాంటిది, ప్రతి నెలా వస్తుంది, ఎవరూ చప్పట్లు కొట్టరు.

2023 డిసెంబర్‌లో మళ్ళీ సూళ్ళూరుపేట వెళ్ళాల్సి వచ్చింది, పెళ్ళి పని మీద. మిచాంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటి వారమై ఉంటుంది. పులికాట్ నిండుగా ఉంది. అదే టీ కొట్టు, పైకప్పు కొత్తది. రేకు ఎగిరిపోతే ఫ్లెక్సీ తెచ్చి కప్పారు. తెల్ల వైపు ఆకాశానికి, బొమ్మలు మా వైపు. బెంచీ మీద కూర్చుని తలెత్తితే పద్నాలుగు మందీ తలకిందులుగా మమ్మల్నే చూస్తున్నారు. షటిల్ ఉన్న మూలలో తాడు కట్టడానికి బెజ్జం వేశారు, అక్కణ్ణుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

వేటకు వెళ్ళే ఆయన అదృష్టవశాత్తూ కనిపించాడు. పడవలేమయ్యాయని అడిగాను.

"నాలుగు రోజుల ముందే గట్టెక్కించేశామన్నా. ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మా వోళ్ళవి ఒక్కటీ పోలా."

"ఎవరు పంపుతారు ఆ మెసేజ్?"

టీ గ్లాసు పక్కకు జరిపి, కారుతున్న చుక్క పడని చోట పెట్టుకున్నాడు.

"ఏమోన్నా. వస్తాది."